మీటరుకు దొరకని ఎరువు

జిన్నారం దాటి హైమావతి గారి ఆర్కిడ్ల షెడ్డు ముందు కారు దిగేసరికి చంద్రకాంత్ చేతిలో ఉన్న సరుకు చాలా తక్కువ. మొనలు మాడిన ఒక మొక్క, అది ఇందిరమ్మ పొద్దున్నే కొంగు చాటున పెట్టి తెచ్చి ఇచ్చింది. "నా కొడుకు ఆ పని చెయ్యలే సేటూ" అన్న ఆమె మాట. రెండు గంటలకు ఎస్.ఐ. వస్తాడన్న కబురు. అంతే. ఇంత తక్కువ పెట్టుబడితో అతను సంగారెడ్డిలో ఎరువుల దుకాణం కూడా తెరవలేదు.

ఆ దుకాణం ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. కల్తీ ఎరువులు అమ్మేవాళ్ళని పట్టివ్వడంతో మొదలైన చంద్రకాంత్ రెండో వ్యాపారం, బీమా కంపెనీల దాకా, అక్కడినుంచి ఎవరికి కష్టం వస్తే వాళ్ళ దాకా పాకింది. ఇందిరమ్మ ఎకరంన్నర పొలానికి ఎరువు ఎప్పుడూ అతని దుకాణం నుంచే పోయేది. అలాంటి మనిషి వచ్చి అరుగు మీద కూర్చుంటే లేదని పంపే అలవాటు అతనికి లేదు.

ఆమె గేటు దగ్గరే చతికిలబడి ఉంది. "వాడు లోపలున్నడు సేటూ. కంపెనీ బాలరాజ్ సారు కూసోబెట్టిండు. నన్ను రానియ్యలే."

"నడుమ కంపెనీ ఎవరు? షెడ్డు కంపెనీదా?" అన్నాడు చంద్రకాంత్. "నువ్వు ఈడనే ఉండు. నీ కొడుకుతోనే బయటికొస్త."

అనేశాక గానీ అతనికి తెలియలేదు, సరుకు చూడకుండా మాట ఇచ్చేశానని.

షెడ్డులో వరసలు వరసలుగా వేలాడదీసిన కుండీలు. బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు, వాటిలోంచి బయటికి దిగిన వేళ్ళు. ఆకుపచ్చగా ఉండాల్సిన వేళ్ళ కొసలు అగ్గిపుల్లల్లా నల్లబడ్డాయి. మధ్యలో కుర్చీ వేసుకుని హైమావతి గారు, ఆమె ఒడిలో ఒక టైపు కాగితం. భర్త పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ పోయాక, పటేల్‌గూడ ఇల్లు అద్దెకిచ్చి, ఈ షెడ్డు వేసుకున్న మనిషి. పక్కన నిలబడ్డ పొడుగాటి ఆయన ఆమె మరిది సత్తిబాబు. స్టూలు మీద శ్రావణ్‌కుమార్, తల వంచుకుని. షెడ్డులో మందులూ నీళ్ళూ చూసేది అతనే.

ముఖ్యమైన మనిషి గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. బాలరాజ్. ఒకప్పుడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు గోడవతల ఉన్న మందుల ఫ్యాక్టరీకి సెక్యూరిటీ ఆఫీసరు.

"ఓహో, యూరియా సేటు! ఇగ పూల కేసులు గూడ పడుతున్నవా?"

"ఎరువుల కేసులు తగ్గినయి సారూ. మీరు గూడ దొంగలను ఇడిసిపెట్టి గేట్లకు కావలి కాస్తలేరా?"

బాలరాజ్ నవ్వాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు. "మేడం, సంతకం పెట్టున్రి. ఎస్.ఐ. వచ్చేసరికి ఫిర్యాదు చేతిల ఉండాలె. వీడే యూరియా పోసి చెట్లు సంపిండు. నేరం మా కంపెనీ మీద తోసి నష్టపరిహారం గుంజుదామని ప్లాన్. రేపు తనిఖీ అధికారులు వస్తున్నరంటే గీ నాటకం."

"ఆయన చెప్పేది నిజం కాకూడదనే ఉంది చంద్రకాంత్ గారూ" అంది హైమావతి. "వానపడ్డప్పుడల్లా ఫ్యాక్టరీ వాళ్ళు మురుగు వదులుతున్నారని ఫిర్యాదు చేసింది నేనే. నీళ్ళ వల్లే మొక్కలు మాడాయనుకున్నాను. కానీ శ్రావణ్ గదిలో ఖాళీ యూరియా సంచి దొరికింది. ఇంకేం అనుకోమంటారు?"

"కలంకు జెర మూత పెట్టున్రి అమ్మా. సంతకం ఎక్కడికీ పోదు. నాకు మీ ఎరువు లెక్క తెలుసుకోవాలని ఉన్నది. నేను జొన్నకు అమ్మిన, చెరుకుకు అమ్మిన. ఈ చెట్లకు ఎన్నడూ అమ్మలే. వీటికి ఎంత పోస్తరు?"

అడిగింది కేసు కోసమే అయినా, ఆ గొంతులో ఉన్నది నిజమైన ఆత్రమే. కొత్త పంట కనిపిస్తే చంద్రకాంత్‌కి ఇప్పటికీ చేతులు ఊరుకోవు.

హైమావతి ముఖం కాస్త విప్పారింది. "కూరగాయలకైతే ప్యాకెట్టు మీద లీటరుకి రెండు గ్రాములని రాసి ఉంటుందండి. వీటికి అందులో నాలుగో వంతే. ఇవి మట్టిలో పుట్టినవి కావు కదా. అడవిలో చెట్టు కొమ్మ పట్టుకుని, వాన చుక్కలో ఏది కరిగి వస్తే అది తాగి బతికే జాతి. లీటరుకి అరగ్రాము. కాస్త ఎక్కువైనా ముందు వేళ్ళ కొసలు పోతాయి."

"వెయ్యి లీటర్ల ట్యాంకుకు అరకిలో అన్నట్టు. తూకం వేస్తరా?"

"మొదట్లో వేసేవాళ్ళం. తర్వాత మా సత్తిబాబు మీటరు తెచ్చిపెట్టాడు. నీళ్ళలో ముంచితే ఎంత ఉప్పు కరిగిందో అంకె చూపిస్తుంది. వాన నీళ్ళు పద్దెనిమిది చూపిస్తాయి. ఎరువు కలుపుతూ మూడు వందల యాభై రాగానే ఆపెయ్యాలి. అదీ పద్ధతి."

"గోడవతల మా కంపెనీలో నీళ్ళ పనంతా మీటరు మీదే కదండీ" అన్నాడు సత్తిబాబు వినయంగా. "చేతి లెక్క కంటే అదే నమ్మకం."

చంద్రకాంత్ స్టూలు ముందు గొంతుక్కూర్చున్నాడు. "శ్రావణూ, నా దిక్కు సూడు. ఎన్ని మగ్గులు పోసినవ్?"

"నాలుగు, సేటు."

బాలరాజ్ చిటికె వేశాడు. "విన్నరు గదా! వాని నోటితోనే!"

"ఆగున్రి సారూ. నాలుగు మగ్గులు ఎట్ల పడ్డయి? అరకిలో మగ్గు ఒక్కటే గదా లెక్క?"

"ఎప్పుడు గూడ ఒక్క మగ్గుకే మూడు వందల యాభై వస్తుండె. బోనాలైన వారం ఒకటి పోసిన, వంద దాటింది గంతే. రెండోది పోసిన, రాలే. నాకే పరేషాన్ అయింది. సత్తిబాబు సార్‌కు ఫోన్ చేసిన. వానకాలం గదా, పొడికి చెమ్మ పట్టి పవర్ తగ్గింటది, మగ్గు లెక్క ఇడిసిపెట్టు, మీటర్ లెక్క పట్టు అన్నడు. నాలుగోదానికి సరిగ్గ మూడు వందల యాభై వచ్చింది. గట్లనే మూడు తడులు పెట్టిన. నా ఇష్టమొచ్చినట్టు పొయ్యలే సేటు. అమ్మ తోడు."

"మీటరు తప్పు చూపించిందేమో?"

"అదేం లేదండి" అంది హైమావతి. "శ్రావణ్ బోనాలకి ఇంటికెళ్ళిన ఆదివారం మా మరిదే వచ్చి మీటరు సరిచూసి వెళ్ళాడు."

సత్తిబాబు తలూపాడు. చంద్రకాంత్ ఆ మాట విని దాచుకున్నాడు. పేరు తర్వాత రాయొచ్చు, సరుకు ముందు లోపల పడాలి.

"స్టోరు చూపించు."

స్టోరు అంటే రేకుల గది. బయట వాన నీటి ట్యాంకు, లోపల ఎరువు కలిపే ట్యాంకు, మూలన మూత ఉన్న నీలం ప్లాస్టిక్ డబ్బా. అందరూ వెనకే వచ్చారు. చంద్రకాంత్ మొదట మీటరు తీసుకుని వాన నీటిలో ముంచాడు. పద్దెనిమిది.

"అమ్మా, ఒక్క ముచ్చట. ఫ్యాక్టరీ మురుగు ఈ ట్యాంకుల కలిసిందే అనుకుందాం. మురుగుల ఉప్పు ఉంటది. అప్పుడు ఎరువు పడకముందే మీటరు రెండు వందలో మూడు వందలో చూపియ్యాలె. మూడు వందల యాభైకి చేరనీకి ఒక్క మగ్గు గూడ పట్టొద్దు. కానీ ఈ పిలగానికి నాలుగు పట్టినయి. ఉల్టా అయింది. తప్పు నీళ్ళల్ల లేదు."

బాలరాజ్ ఛాతీ విరిచాడు. "ఇప్పుడు మాట్లాడినవ్ మాట! మా కంపెనీ సాఫ్."

"ట్యాంకు నీళ్ళు సాఫ్ అన్న సారూ. కంపెనీ సాఫ్ అని ఇంకా అనలే."

డబ్బా మూత తీశాడు. తెల్లని పొడి. చిటికెడు తీసి వేళ్ళ మధ్య రాశాడు. పొడిలో కొంచెం గరుకు, కొంచెం మెత్తన. గోరుకి అంటుకునే చెమ్మ. టీ కాచుకునే చిన్న స్టవ్ వెలిగించి, ఒక పాత చెంచాలో ఆ పొడి వేసి మంట మీద పెట్టాడు. పొడిలో కొంత భాగం కదలకుండా కూర్చుంది. ఎక్కువ భాగం మాత్రం నెయ్యిలా కరిగి బుడగలు వేసింది. ముక్కు పగిలిపోయేలా ఘాటు లేచింది.

హైమావతి చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అమ్మో, ఏమిటా వాసన?"

"యూరియా అమ్మా. సావుకారి ముక్కుకు గీ వాసన అత్తరు లెక్క." చంద్రకాంత్ దగ్గుతూనే నవ్వాడు. "ఎవరో దీన్ని దంచి పొడి చేసి మీ ఎరువుల కలిపిండ్రు. పాలల్ల నీళ్ళు కలిపినట్టు."

"నేను మొదటినుంచి చెప్తున్నదదే గదయ్యా!" బాలరాజ్ గొంతు రేకులకి తగిలి మోగింది. "వీడే కలిపిండు! సంచి వీని మంచం కింద దొరికింది! నీకెందుకు ఇంత సోది?"

"ఒక్కటి అడుగుత సారూ. వీడే కలిపితే, మగ్గులు ఎక్కువ పడుతున్నయని సత్తిబాబు గారికి వీడే ఫోన్ చేసి ఎందుకు చెప్తడు? దొంగ ఎవడన్న తన సంచి బరువు తానే ఊరంత చాటుకుంటడా?"

బాలరాజ్ గడియారం చూసుకున్నాడు. "ఎస్.ఐ. జీపు దారిల ఉన్నది. నీ పాఠాలు జల్దీ ముగించు."

చంద్రకాంత్‌కి ఇంకా తెగని లెక్క ఒకటుంది. యూరియా కలిపితే పొడిలో బలం పెరగాలి. యూరియా తక్కువ బలం ఉన్న సరుకు కాదు. మరి మీటరు ఎందుకు ఎక్కలేదు? దుకాణంలో ఎన్నో ఏళ్ళు యూరియా అమ్మాడు గానీ దానిలో మీటరు ఎప్పుడూ ముంచలేదు. అనుమానం ఉంది. చూస్తే తప్ప నమ్మే మనిషి కాదు.

కారు డిక్కీలోంచి తన దుకాణం సంచి మోసుకొచ్చాడు. బకెట్‌లో వాన నీళ్ళు పట్టించాడు. సంచిలోంచి నిండా ఒక మగ్గు తీసి, మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"అసలు యూరియా, సీలు సంచి. దీన్ని ఈ నీళ్ళల్ల కలుపుత. మీటరు ఎంత చూపిస్తదో తలా ఒక అంకె చెప్పున్రి. వేలం పాట లెక్క అనుకోండ్రి. అమ్మా, మీరు?"

"ఒక మగ్గు బకెట్‌కా? అయిదు వేలు దాటిపోదూ?"

"శ్రావణూ?"

"మూడు నాలుగు వేలు వస్తది సేటు."

"బాలరాజ్ సారు?"

"నాకు గీ చిన్నపిల్లల ఆటలు వద్దు. రాసుకో, పది వేలు!"

"సత్తిబాబు గారూ, నీళ్ళ పని మీది. మీ అంకెకు విలువ ఎక్కువ."

సత్తిబాబు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "కచ్చితంగా చెప్పలేమండీ... రెండు వేలు దాటుతుందనుకుంటాను."

చంద్రకాంత్ మగ్గు వంచి, కర్రతో గిరగిర తిప్పాడు. పలుకులు కరిగిపోయాయి. మీటరు ముంచి, అంకె అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

ఇరవై ఆరు.

శ్రావణ్ లేచి వచ్చి మీటరు చేతిలోకి తీసుకుని, విదిలించి, మళ్ళీ ముంచాడు. మళ్ళీ ఇరవై ఆరే. "ఇదేంది సేటు? మగ్గు మొత్తం పోస్తిరి గదా?"

"అదే రా అసలు ముచ్చట!" చంద్రకాంత్ కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా మెరిశాయి. "మీటరు ఉప్పును పసిగడతది. యూరియా ఉప్పు కాదు, చక్కెర తీరు. కరిగి కూసుంటది, మీటరుకు దొరకదు. నీ డబ్బాల ఒక పాలు ఎరువు, మూడు పాళ్ళు యూరియా. మీటరు ఆ ఒక్క పాలునే లెక్కవెడుతున్నది. మూడు వందల యాభై రావాలంటే నువ్వు నాలుగు మగ్గులు పొయ్యక తప్పదు. మీటరు మాట విన్నవు కాబట్టే చెట్లు మాడినయి. మగ్గు మాట వింటే ఇంత మాడకపోతుండె."

హైమావతి చేతిలోని కాగితం మడిచింది. "అంటే మేం మీటరు చూసే కలుపుతామని తెలిసినవాడే చేశాడు."

"అంతే కాదమ్మా. యూరియా మీటరుకు దొరకదని గూడ తెలిసినవాడు. ఈ రెండోది నాకే ఇప్పటిదాక పక్కా తెలియదు." అని బాలరాజ్ వైపు తిరిగాడు. "ఆ సంచి ఏది సారూ?"

బాలరాజ్ తన జీపులోంచి సంచి తెప్పించి కాళ్ళ ముందు పడేశాడు. రైతులకి సర్కారు రాయితీ మీద ఇచ్చే సంచి. చంద్రకాంత్ దాన్ని తిరగేసి, కుట్టు మూలలు దులిపాడు. నాలుగైదు పలుకులు అరచేతిలో పడ్డాయి. లేత పసుపు రంగు. తర్వాత నీలం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగు అంచంతా తడిమాడు. దంచినప్పుడు నలగకుండా తప్పించుకున్న పలుకులు మూడు దొరికాయి. వాటిని రెండో అరచేతిలో పెట్టాడు. పాలలా తెలుపు.

"వాసన చూడున్రి అమ్మా."

హైమావతి వంగింది. "దీనికి వేప నూనె వాసన. దీనికేమీ లేదు."

"రైతుకు ఇచ్చే యూరియాకు వేప నూనె పూస్తరు. ఫ్యాక్టరీలకు పక్కదారి పట్టకుండ. ఊళ్ళె ఏ దుకాణంల కొన్నా గదే దొరుకుతది. తెల్లది దుకాణంల దొరకదు. అది ఫ్యాక్టరీలకు వస్తది. డబ్బాల ఉన్నది ఫ్యాక్టరీ యూరియా. మంచం కింద ఉన్నది రైతు సంచి. ఈ సంచిలకెళ్ళి ఆ పలుకు రాలే."

"యూరియా అంటే యూరియానే గదయ్యా! రంగు జూసి కేసులు తేలుస్తవా?" అని అరిచాడు బాలరాజ్.

ఆ మాట కోసమే ఎదురు చూసినట్టు చంద్రకాంత్ చేతులు దులుపుకున్నాడు. "ఒక్క రైతును అడిగినా చెప్తుండె సారూ. మీరు అడగలే. యూరియా సంచి అనంగనే రోడ్డు మీద దొరికిన సంచి తెచ్చి పెట్టిచ్చిండ్రు. మంచం కిందికి దాన్ని ఎవరు తోసిన్రో మీకే తెలుసు. నాకు ఆ సంచి వద్దు. మీ కంపెనీల తెల్ల యూరియా ఎక్కడ వాడుతరో చెప్తే చాలు."

హైమావతి మెల్లగా మరిది వైపు తిరిగింది.

"సత్తిబాబూ. మురుగు శుద్ధి చేసే ట్యాంకుల్లో మురుగు తినే సూక్ష్మజీవుల్ని పెంచుతామని, వాటికి తిండిగా యూరియా వేస్తామని నువ్వే కదయ్యా చెప్పేవాడివి?"

"వదినా, అది... వేస్తామనుకోండి, కానీ..."

"రోజూ యూరియా పోసి, రోజూ మీటరు ముంచే మనిషి" అన్నాడు చంద్రకాంత్ నెమ్మదిగా. "మీకు మీటరు ఎక్కదని తెలుసు. తెలియని ముగ్గురు నోటికొచ్చిన అంకె చెప్పిన్రు. తెలిసిన మీరు గూడ వేలల్లనే చెప్పిన్రు. నా దుకాణంల ఇసొంటి గిరాకీలను శానమందిని చూసిన. బజారు ధర బాగా ఎరిగినోడే ఏమీ ఎరగనట్టు బేరం మొదలుపెడతడు. అప్పుడే నేను తక్కెడ దగ్గరికి జరుగుత."

"నోరు మూసుకో సత్తిబాబూ, ఒక్క ముక్క మాట్లాడకు" అన్నాడు బాలరాజ్. అనవసరంగా అన్నాడు. అంతదాకా ఉన్న అనుమానం ఆ మాటతో రుజువైపోయింది.

సత్తిబాబు ఎరువు ట్యాంకు అంచు మీద కూర్చుండిపోయాడు. "మొక్కల మీద కోపం కాదు వదినా. మీ ఫిర్యాదు మీద రేపు వాళ్ళొస్తే... ఫ్యాక్టరీలో మురుగు వదిలే వాల్వు తాళం ఎవరి దగ్గర ఉందో తెలుసా? నా దగ్గర. తిప్పమని చెప్పేవాడు పైన ఏసీ గదిలో ఉంటాడు. తిప్పిన చెయ్యి నాది. జైలుకెళ్ళేది నేను. మొక్కలు ఎరువుతోనే మాడాయని, ఫిర్యాదు దొంగదని తేలితే చాలు, సమస్య తీరిపోతుందని పైవాళ్ళన్నారు, ఆ బోనాల ఆదివారం యూరియా కలిపాను. శ్రావణ్‌ని ఇరికిస్తారని నాకు ఈ ఉదయం దాకా తెలీదు. మా అన్నయ్య బతికుంటే..."

"ఆయన పేరెత్తకు" అంది హైమావతి. గొంతు పెంచలేదు. టైపు కాగితాన్ని నిలువునా చింపి, ఆ ముక్కలు స్టవ్ పక్కన పెట్టింది. "శ్రావణ్, మీ అమ్మ గేటు దగ్గరుంది. వెళ్ళు. మీ అమ్మని లోపలికి తీసుకురా. టీ పెట్టుకుందాం."

శ్రావణ్ కదలలేదు. మొక్కల వైపు చూస్తున్నాడు. "సేటు, ఇవి మిగులుతయా?"

"ఇగ ఎరువు ముట్టకు. ఉత్త వాన నీళ్ళతో కుండీలు కడుగు, కిందికి ధారగ కారేదాక. రెండు వారాలు పస్తు పెట్టు. కొత్త వేరు పచ్చగ పొడుస్తదే, అప్పుడు లీటరుకు అరగ్రాములో సగం. కొత్త ప్యాకెట్టు తెచ్చి తూకం వేసి పొయ్యి. మీటరును గూడ అడుగు, కాని దాని ఒక్కదాని మాటే వినకు. సగం చెట్లు దక్కుతయి. ఎక్కువ చెప్తే అబద్ధమైతది."

అప్పుడు గానీ ఆ కుర్రాడు పరిగెత్తలేదు. గేటు దగ్గర ఇందిరమ్మ ఏడుపో నవ్వో తెలియని గొంతు వినిపించింది.

చంద్రకాంత్ సత్తిబాబు పక్కన కూర్చున్నాడు. "ఎస్.ఐ. వస్తున్నడు. బోల్తా పడ్డ బండిల కూసొని లాభం లేదు సారూ. ఆ వాల్వు ఏడున్నది?"

"ఫ్యాక్టరీలో మూడో షెడ్డు వెనక. సిమెంటు పలక కింద పైపు ఉందండీ. అక్కణ్ణుంచి గోడ కిందుగా వాగులోకి. పలక లేపితే చాలు, ఎవరికైనా కనబడుతుంది."

అంతా విని తల ఎత్తేసరికి గుమ్మంలో బాలరాజ్ లేడు. బయట, జీపు చాటున, ఫోన్‌లో అతను గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. గాలి ఇటువైపు ఉంది.

"...అవును, మూడో షెడ్డు ఎనక. రెండు టిప్పర్ల మట్టి. జేసీబీ గూడ. పొద్దుగూకేలోపల చదును కావాలె. సత్తిబాబు సంగతి నేను చూసుకుంట."

జీపు కదిలి ఫ్యాక్టరీ దారి పట్టింది. ఎదురుగా దుమ్ము రేపుతూ పోలీసు జీపు మలుపు తిరుగుతోంది.

చంద్రకాంత్ లేచి లుంగీ అంచున అంటిన తెల్ల పొడి దులుపుకుని, మనసులో పద్దు మూశాడు. ఇందిరమ్మకి కొడుకు దక్కాడు. హైమావతికి సగం తోట దక్కింది, మరిది పోయాడు. తనకి దక్కినవి రెండు: నోరు విప్పిన ఒక సాక్షి, పొద్దుగూకేదాకా మాత్రమే కనబడే ఒక పైపు. సాక్షి భుజం మీద చెయ్యి వేసి, వదలకుండా, అతను ఎస్.ఐ.కి ఎదురు నడిచాడు.